కొక్కెం ఉన్న గది

నాన్నా,

ఈ ఉదయం ఒక కొక్కేనికి టిఫిన్ డబ్బా సంచి వేలాడుతూ కనిపించింది. పంజాగుట్టలో బస్టాప్ పక్కన కొత్తగా టాయిలెట్లు కట్టారు. అందులో పేషెంట్ల కోసం వేరే గది. కుళాయి పక్కనే చిన్న అర, ఛాతీ ఎత్తులో కొక్కెం. నువ్వు కావాలన్నవన్నీ, నువ్వు పోయిన ఏడాదికి వచ్చాయి. చొక్కా అంచు పళ్లతో పట్టుకుని, ఆపరేషన్ చేసి పొట్టకు పెట్టిన మలం సంచి మార్చుకోవడానికి నువ్వు పడిన అవస్థ గుర్తొచ్చింది.

నేను చూస్తుండగానే కాపలా ఆయన తన డబ్బా లోపలే ఉంచి తాళం వేశాడు. తాళంచెవి అడిగాను.

"గది పేషెంట్లకు మేడం. నువ్వు మంచిగనే ఉన్నవ్ గదా, నీకేమైంది?"

నా వెనక ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. నువ్వైతే చొక్కా ఎత్తి, "చూపియ్యాల్నా భాయ్? టికెట్ లేకుంటనే చూడు" అనేవాడివి. కాపలావాళ్లు నవ్వి తలుపు తీసేవాళ్లు. నేను "ఏం లేదండీ" అన్నాను. హ్యాండ్‌బ్యాగు పొట్టకు అడ్డం పెట్టుకుని అమీర్‌పేటలో మన ఇంటిదాకా నడిచాను. చేరేసరికి పొట్ట దగ్గర కుర్తా తడిసిపోయింది.

నీకు చేసిన ఆపరేషనే నాకూ చేశారు, నాన్నా. ఇవాళ్టికి నలభై రోజులు.