ఒకటి మిగలాలి

జూన్ 3

మావారి మతిమరుపు ఇంకా మొదటి మెట్టులోనే ఉందని, మెదడుకు రోజూ పని చెప్పమని డాక్టరు అన్నాడు. పజిల్స్ పుస్తకం కొందామన్నాను. ముప్పై ఏళ్లు కాలేజీలో లెక్కలు చెప్పినవాడికి పజిల్సా అని ఎగిరిపడ్డారు. తనకిష్టమైన సంఖ్య ఒకటి చెప్పారు: 23,27,92,561. రెండు నుంచి ఇరవై దాకా దేంతో భాగించినా సరిగ్గా ఒకటే మిగులుతుందట. ఇరవై దాటి వెళ్లినా, ఒకటీ తనూ తప్ప దాన్ని నిశ్శేషంగా భాగించేది లేనే లేదట. పొగరుబోతు సంఖ్య అన్నాను. నీకు చుట్టమే అన్నారు.

రోజూ పొద్దున్నే వంటింటి బోర్డు మీద నేను రాయాలి, ఆయన నోటిలెక్కగా భాగించాలి. ఒకటి మిగిలినన్నాళ్లూ నేనున్నట్టేనోయ్ అన్నారు. నవ్వుతూనే అన్నారు.

జూన్ 4

ప్రతిసారీ ఒకటే. రెండో కాఫీ అడిగి మరీ తాగారు.

జూన్ 9

నాలుగు దగ్గర మూడు మిగిలింది. తొందరపడ్డానన్నారు. ఐదు, ఆరు బాగానే వచ్చాయి. ఏడు దగ్గర ఏమీ మిగల్లేదు. మళ్లీ చేశారు. సున్నా. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

బోర్డు మీది అంకెలన్నీ కూడి చూశాను. ముప్పై ఏడు. మూడూ ఏడూ పది. అంటే ఒకటి. రోజూ రావలసిందే వచ్చింది. ఇంటి పద్దులు కూడా ఇలాగే సరిచూస్తాను. సంఖ్యలో తప్పు లేదు. అయితే తప్పు ఆయనదే.

కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. అయిపోయిందోయ్ అన్నారు. భోజనం ముట్టలేదు.

జూన్ 10

అమ్మాయి వచ్చింది. బోర్డు చూసి పకపకా నవ్వింది. 561 అని రాయమంటే 651 అని రాశావేంటమ్మా, నాన్న లెక్క నిక్షేపంలా ఉంది అంది. అంకెలు తారుమారైతే నా కూడిక పట్టుకోదట. ఎటు తిప్పి కూడినా మొత్తం అదే కదా. నేను రాసిన సంఖ్యను ఏడు నిజంగానే భాగిస్తుందట. ప్రశ్నపత్రం తప్పు, కుర్రాడు ఫస్ట్ క్లాస్ అని ఆయన గంతులేసినంత పని చేశారు. నేనూ నవ్వాను.

జూన్ 13

గ్యాస్ కోసం ఫోన్ చేస్తే ఎవరో టైలర్ ఎత్తాడు. కార్డు చూసే నొక్కాను. మూడోసారికి, ఆంటీ, మళ్లీ మీరేనా, ఓ జాకెట్టు కుట్టించేసుకుంటే పోలా అన్నాడు. చివరి రెండంకెలూ అటూ ఇటూ నొక్కుతున్నాను.

జూన్ 14

ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని రాశాను. ఆయన చాలాసేపు బోర్డు వంక చూశారు. హాస్యమాడలేదు. అరచేత్తో తుడిచేసి తనే రాశారు.

జూన్ 17

ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఈసారి ఆయన కూర్చునే కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

జూన్ 18

సంఖ్య ఆయన రాశారు. ఏడుతో నోటిలెక్క చెయ్యమన్నారు. ఎంత మిగిలిందోయ్ అని అడిగారు.

ఒకటి అన్నాను.

నాకు సున్నా వచ్చింది.