పట్టీ లేని చెయ్యి

గోస్పాడులో ఉన్న మా రూతక్కకు, బెంగళూరు నుంచి నీ చెల్లెలు ఎస్తేరు వందనాలు చెప్పి రాసుకునే సంగతులు. ప్రభువు కాపుదలలో నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వెట్లా ఉన్నావు? కుట్లు పూర్తిగా మానాయా? అన్నం సయిస్తోందా? బావ లారీ దిగి ఇంటికి వచ్చాడా, ఇంకా ఆ మహారాష్ట్ర రోడ్ల మీదే తిరుగుతున్నాడా? పక్కింటి చాంద్‌బీ అత్త మోకాళ్ళ నొప్పులు ఎట్లా ఉన్నాయి? అన్నీ అడుగుతున్నాను గానీ, నువ్వు చెప్పే జవాబులు ఇకమీద నమ్మనని ముందే చెప్తున్నా. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరం రాయడమేందని నవ్వుతావు. ఫోన్లో అయితే నువ్వు "ఆ, బాగుండా, నువ్వు తిన్నావా" అని పెట్టేస్తావు. నేనూ "ఆ తిన్నా" అని పెట్టేస్తాను. ఇద్దరం అబద్ధాలాడుకుని హాయిగా పడుకుంటాం. అందుకే ఈ కాగితం. మన కోయిలకుంట్ల సుబ్బమ్మ పక్క అపార్ట్‌మెంట్లో పనిచేస్తుంది కదా, పోయిన నెల నీ దగ్గరికి వచ్చి చెనిక్కాయల పొడి డబ్బా నాకు తెచ్చిచ్చింది ఆమే. మళ్ళీ ఊరికి పోతోంది. గురువారానికి ఇది నీ చేతిలో పెడతానంది.

ఇక్కడ నెల రోజులుగా ఒకటే ముసురు. ఉతికిన బట్టలు ఆరక, ఇల్లంతా తడి వాసన. మేమున్నది పద్నాలుగో అంతస్తు. కిటికీలోంచి చూస్తే మనుషులు కనపడరు, గొడుగులే కనపడతాయి. పని కష్టమేమీ కాదు. మూడేళ్ళ పిల్ల మిన్నుకు స్నానం, తిండి, నిద్ర, అంతే. సారు, మేడం ఇద్దరూ ఉత్తరాది వాళ్ళు. చిన్నప్పుడు చాంద్‌బీ అత్త ఇంట్లో ఆడుకుంటూ నేర్చుకున్న తురకం ఇక్కడ హిందీగా చెల్లుబాటవుతోంది. నా పేరు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అందరూ దీదీ అంటారు. వారం పది రోజులు ఎవరూ ఎస్తేరూ అని పిలవకపోతే ఆ పేరు నాదేనా అనిపిస్తుంది. దిగులు పడాకు, జరుగుబాటుకు లోటు లేదు. నిజంగా లేదు.

అసలు సంగతికి వస్తాను. పోయిన వారం వీళ్ళు కూర్గు కొండల్లో రిసార్టుకు పోయారు, మూడు రోజులు. పిల్ల కోసం నన్నూ తీసుకుపోయారు. పోయే ముందు సాయంత్రం సారు, మేడం సోఫాలో కూర్చుని ఫోన్లో అన్నీ ఖాయం చేసుకుంటున్నారు. గది అద్దె వేరు, తిండి వేరంట. తిండికి ముందే దుడ్డు కట్టేస్తే మూడు పూటలా ఎంత తిన్నా అడిగేవాళ్ళుండరు. కట్టినవాళ్ళ చేతికి కాగితం పట్టీ వేస్తారు. పట్టీ లేకపోతే భోజనాల గదిలో పళ్ళెం ముట్టుకోనివ్వరు. చిన్నపిల్లలకు ఉచితం, పెద్దవాళ్ళు ఎవరైనా అదే రేటు. ఆయాకు కూడా.

వాళ్ళిద్దరికీ కట్టడం లాభమా, ఎక్కడికక్కడ కొనుక్కుని తినడం లాభమా అని అరగంట చర్చ జరిగింది. వాళ్ళకు లాభమేనని తేలింది. తర్వాత నా వంతు. "దీదీ తినేది రెండు రొట్టెలు. దానికి ఇంత కట్టడం దండగ కదా" అన్నాడు సారు. ఆయన్ను తప్పుపట్టలేను. ఆ రేటు విని దండగే అని నాకూ అనిపించింది. ఆ మూడు రోజుల తిండి డబ్బుతో నువ్వు రెండు నెలల బియ్యం తెచ్చుకుంటావు. మేడం మాత్రం తలెత్తి నన్ను అడిగింది: "దీదీ, నీకూ తీసుకోమంటావా?"

నేనేమన్నానో నీకు చెప్పాలా? "వద్దు మేడం, నాకెందుకు? ఏదో ఒకటి తింటాలే" అన్నాను. అని, అక్కడే నిలబడ్డాను. ఆమె రెండోసారి అడుగుతుందని. "అట్లంటే ఎట్లా, మూడు రోజులు ఏం తింటావు" అంటుందని. ఆమె "సరే" అని మీట నొక్కేసింది. నొక్కేటప్పుడు ఆమె మొహం కొంచెం తేలికపడింది. ఆ తేలికపడడం గుర్తుపెట్టుకో అక్కా, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

నేనేం తెలివితక్కువదాన్ని కాదు. నాలుగు జొన్నరొట్టెలు చేసుకుని, నువ్వు పంపిన పొడి డబ్బా సంచిలో పెట్టుకున్నాను. రిసార్టు గేటు దగ్గర వాచ్‌మన్ సంచి విప్పి చూశాడు. బయటి తిండి లోపలికి రాకూడదంట. చీటీ రాసిచ్చి, పోయేటప్పుడు తీసుకోమని సంచి తన గదిలో పెట్టుకున్నాడు. డ్రైవర్లకు, ఆయాలకు చౌకగా ఒక క్యాంటీన్ ఉండేదట, వానలకు మూసేశారు. బయట కొందామంటే చుట్టూ కాఫీతోటలు, పొగమంచు. అంగడి మాటే లేదు.

భోజనాల గదిలోకి నన్ను రానిచ్చారు, పిల్లకు తినిపించాలి కాబట్టి. తలుపు దగ్గర ఒకడు అందరి చేతులూ చూస్తాడు. నా చెయ్యి చూసి, పిల్లను చూసి, తల ఊపి వదిలాడు. లోపల ఎన్ని రకాలో లెక్క పెట్టలేదు. చూడకూడదని తల దించుకున్నా. ముక్కును ఎట్లా దించుకునేది? మిన్ను రెండు ముద్దలు తిని మూతి తిప్పుకుంది. మిగిలిన పరోటా ముక్క నా నోట్లో వేసుకుంటే, తలుపు దగ్గరివాడు ఇటే చూస్తున్నాడు. మళ్ళీ వేసుకోబుద్ధి కాలేదు. గదిలో టీ పెట్టుకునే కేతలీ, రెండు బిస్కెట్ల పొట్లాలు ఉంటే వాటితో ఆ పూట గడిపాను. సాయంత్రం మేడం అడిగింది, "దీదీ, తిన్నావా?" అని. "తిన్నా మేడం" అన్నాను. నా నోరు అట్లా తయారైంది, నేనేం చేసేది? మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత ఉంది కదా. పూర్తిగా రాయను, ఈ ఉత్తరం పాస్టరమ్మ కంట్లో పడినా పడుతుంది.

రెండో రోజు కూడా అంతే. ఆకలికంటే చలి ఎక్కువ బాధపెట్టింది. నీళ్ళు తాగి తాగి కడుపు బరువైంది.

మూడో రోజు మధ్యాహ్నం వంటింటి వెనక వసారాలో మిన్నును భుజం మీద వేసుకుని నిద్రపుచ్చుతున్నా. "పడుకోవే నా తల్లీ, నీకు పుణ్యముంటుంది" అని మన మాటల్లోనే సణుగుతున్నా. కూరగాయల తొక్కుల బుట్ట పారబోయడానికి వచ్చిన ఒక పెద్దాయన ఆగిపోయాడు. గడ్డం నెరిసింది, చేతులు నీళ్ళలో నాని తెల్లగా ఉన్నాయి.

"యా ఊరుమ్మే మీది? మాట మనపక్క మాట మాదిరి ఉండాదే."

"గోస్పాడు."

"అట్లనా! మాది ఆళ్ళగడ్డ. మహబూబంటారు నన్ను. పదేండ్లాయ, ఈడ అంట్లు తోముతాండా. తిన్నావా?"

"తిన్నానన్నా."

ఆయన కదల్లేదు. "ఏం తిన్నావు?"

"ఏదో తిన్నాలే" అన్నాను.

"ఏందీ, ఏదో తిన్నావా? మొగం సూస్తే తెలుస్తాంది. మళ్ళా అడుగుతాండా. తిన్నావా లేదా?"

"వద్దులే అన్నా. నీకు మాటొస్తాది."

"ఇంగోసారి అడుగుతాండా. మూడోసారి గూడా వద్దంటే నా దావన నేను పోతా. మన ఊర్లల్లో పద్ధతి అదే గదా."

వద్దనలేదు, కావాలని కూడా అనలేదు. ఏడ్చాను. పిల్ల లేస్తుందేమోనని నోరు మూసుకుని ఏడ్చాను. ఆయన లోపలికి పోయి పళ్ళెం తెచ్చాడు. అన్నం, టమోటా చారు, ఒక ఎర్రగడ్డ ముక్క. "ఇది లోపలోళ్ళకు వండింది కాదుమ్మే, నా పాలిది. భయపడాకు, తిను" అన్నాడు. చారు చల్లారిపోయింది. ఉప్పు కూడా తక్కువే. మెతుకు మిగల్చకుండా తిన్నాను. నేను తిన్నంతసేపూ ఆయన అటు తిరిగి వాన చూస్తూ నిలబడ్డాడు.

అన్నం తింటుంటే నాకు ఆళ్ళగడ్డ అత్త గుర్తొచ్చింది. నీకు జ్ఞాపకముందా? మనిద్దరం పెండ్లి పిలుపు చెప్పడానికి పోతే, "తింటారా పిల్లల్లారా" అని ఒక్కసారి అడిగి, మనం వద్దనగానే కుండ మీద మూత పెట్టేసింది. అడగ్గానే ఊ అనకూడదు, మూడోసారి అడిగితే కూర్చోవాలి అని అమ్మ మనకు నేర్పింది. ఆ అత్తకు మాత్రం ఎవరూ నేర్పలేదు. బస్టాండు దాకా నవ్వుకుంటూ వచ్చాం. అమ్మ నీ పైట కొంగుకు కట్టిన చిల్లరతో నువ్వు ఒక ప్లేటు ఉగ్గాని, బజ్జీ కొని నా ముందు పెట్టావు. "నువ్వు?" అంటే, "నాకు ఆకలి లేదులే, నువ్వు తిను" అన్నావు. నేను తినేశాను అక్కా, మొత్తం. అప్పుడు కూడా ఒక్కసారే అడిగాను.

నంద్యాలలో నీకు గర్భసంచి ఆపరేషన్ అన్నప్పుడు ఫోన్ చేశాను. "నేను రావాల్నా అక్కా?" అన్నాను. "ఏం వద్దులే. నువ్వొచ్చి ఏం చేస్తావ్? ఆడ పని పోగొట్టుకుంటావ్" అన్నావు. "సరే" అని పెట్టేశాను. దాచకుండా రాస్తున్నా, పెట్టేశాక నాకు హాయిగా అనిపించింది. సెలవు అడిగే బాధ తప్పిందని. మేడం మొహంలో చూసిన ఆ తేలిక నాదే. నువ్వు అక్కడ ఎనిమిది రోజులు పడుకున్నావు. బావ యాడో రోడ్డు మీద. చాంద్‌బీ అత్త ఆ మోకాళ్ళతో గోస్పాడు నుంచి ఆటోలో గంజి తెచ్చి తాపించిందని సుబ్బమ్మ చెబితే తెలిసింది. కుట్లు ఆరకముందే నాకోసం రోలు ముందు కూర్చుని పొడి దంచావని కూడా చెప్పింది.

మేడం చెడ్డది కాదు. ఒకసారి అడిగింది, నేను వద్దన్నాను, నమ్మింది. ఆమెకు మన పద్ధతి తెలియదు. నాకు తెలుసు కదా అక్కా. తెలిసీ నేను రెండోసారి అడగలేదు.

ఇప్పుడు కర్నూలు అంటున్నావు. ఆపరేషన్‌లో తీసిన ముక్కను పరీక్ష చేస్తే ఏదో వచ్చిందని, ఐదు వారాలు రోజూ కరెంటు పెట్టించుకోవాలని, పొద్దున బస్సులో పోయి సాయంత్రానికి వచ్చేస్తానని, ఏమీ లేదని, సంతలో కొర్రలు కొనడానికి పోయి వచ్చినట్టు చెప్పావు. ఆ జబ్బు పేరు నువ్వు పలకలేదు, నేనూ అడగలేదు. కరెంటు పెట్టించుకున్నవాళ్ళను ఇక్కడ మా అపార్ట్‌మెంట్లో చూశాను. వాళ్ళు బస్సులు ఎక్కి దిగేలా ఉండరు. ఈసారి నేను రావాలా అని కూడా అడగలేదు. అడిగితే ఎక్కడ రమ్మంటావో అని భయపడ్డాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు గేటులో సంచి ఇచ్చారు. రొట్టెలు బూజు పట్టాయి. పొడి మాత్రం చెక్కుచెదరలేదు. కారులో వేలితో అద్దుకుని తింటుంటే మేడం వెనక్కి తిరిగి, మంచి వాసన వస్తోంది అంది. "తింటారా" అన్నాను. అడగ్గానే చెయ్యి చాపింది. వాళ్ళ పద్ధతి అది. అందులో తప్పు లేదు, ఒక రకంగా సుఖం కూడా.

ఇంటికి వచ్చాక ఆమెకు చెప్పేశాను, ఊరికి పోవాలని. అన్ని వారాలు పిల్లను చూసేవాళ్ళు లేకుండా ఉండలేం, వేరేవాళ్ళను పెట్టుకుంటాం అంది. జీతం పెంచితే ఉంటావా అని అడిగింది. వద్దు మేడం అన్నాను. మళ్ళీ నమ్మింది. ఈసారి ఆ వద్దు నిజమే. మిన్నుకు ఇంకా చెప్పలేదు. అది "దీదీ" అంటూ కాళ్ళకు చుట్టుకుంటుంటే ఎత్తుకుని కిటికీలోంచి గొడుగులు చూపిస్తున్నా. మళ్ళీ పని దొరుకుతుందో లేదో తెలియదు. కర్నూలులో డాక్టర్లు ఏం చెబుతారో అదీ తెలియదు. ధైర్యంగా ఉన్నానని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి రాయను.

చిన్న కోరిక. ఆ రోకలి అటక మీద పెట్టించు. నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు. చాంద్‌బీ అత్తకు మోకాళ్ళకు రాసుకునే నూనె తెస్తున్నానని చెప్పు. ఆమె వద్దంటుంది, అయినా తెస్తాను. బావ ఫోన్ చేస్తే నా నమస్కారాలు. పాస్టరయ్యకు, పాస్టరమ్మకు వందనాలు చెప్పి, మన ఇద్దరి కోసం ప్రార్థన చేయమని అడుగు. నువ్వు నా తల మీద చెయ్యి పెట్టి దీవించినట్టే అనుకుని శనివారం రాత్రి బస్సు ఎక్కుతాను.

అక్కా, నేను రావాల్నా? ఇది రెండోసారి. ఉత్తరం చదివి నువ్వు వద్దనే అంటావు, నాకు తెలుసు. అను. ఆదివారం పొద్దున నంద్యాలలో దిగి, ఆటోలో గోస్పాడుకు వచ్చి, మన వాకిట్లో సంచి పట్టుకుని నిలబడి మూడోసారి అడుగుతాను.

ఇట్లు,
నీ చెల్లెలు,
ఎస్తేరు