సీసాలో ఉన్నది బలం కాదు

తవిటయ్య బావకి,

సూది తీసిన చెయ్యి ఇంకా లాగుతోంది. వంకర రాతకీ తప్పులకీ ఏమీ అనుకోకు. ఫోనులో అయితే నువ్వు నవ్వేస్తావు, నా మాట ఆగిపోతుంది.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కాక నేను లేచి కూర్చోవడం చూసి, "సేపల వేటకెళ్లే ముందు ఏటా లాగే నానూ ఓ బాటిల్ ఎక్కించుకుంతాను బావా, బలమొత్తాది" అన్నావు. నువ్వెళ్లాక నర్సమ్మని అడిగాను.

"బలమేటి తాతా! అది ఉప్పునీరు. విరేచనాలతో నీ ఒంట్లో నీరు పోయింది, అందుకే పెట్టాం. గుండె జబ్బున్నోలికి నీరెక్కువైతే ఆయాసమొచ్చి పేనం మీదకొత్తాది" అంది.

నీ గుండె సంగతి నాకు తెలుసు. నా మంచం పక్కన కూర్చున్నప్పుడు నీ కాళ్ల వాపూ చూశాను. ఈసారి బాటిల్ మానేసి పెద్ద డాక్టరుకి చూపించుకో. పడవెక్కకముందే జవాబు రాయి బావా. ఎక్కించుకోలేదన్న ఒక్క ముక్క చాలు.

నీ బావ