నుహాద్ డాబా మీది సిగ్నల్

ఐన్ జర్దా, ఏప్రిల్ 1996

బేరూట్‌లోని సెల్‌ఫోన్ కంపెనీ పెద్దగారికి, షూఫ్ కొండల్లోంచి ఉమ్ నాయెఫ్ సలాములు చెప్పి రాసేది.

ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు, నేను తప్ప.

మా ఆయన అబూ నాయెఫ్ యాపిల్ వ్యాపారానికని మీ ఫోన్ కొన్నాడు. మీ టవరేమో ఎదుటి కొండ వెనకాల ఉంది. దాని సిగ్నల్ ఊరంతా వదిలేసి ఒకే ఒక్క డాబా మీద వాలుతోంది. అది నుహాద్ డాబా. ఆవిడకి మొగుడు పోయాడు, మోకాళ్ల నొప్పులు లేవు, నవ్వితే బుగ్గన సొట్ట పడుతుంది. సాయంత్రమయ్యేసరికి ఈయన గడ్డం గీసుకుని, అత్తరు పూసుకుని అక్కడికి ఎక్కుతాడు. "యాపిల్ ధర కనుక్కోడానికి అత్తరెందుకయ్యా?" అంటే, "వ్యాపారమన్నాక మర్యాదగా ఉండొద్దూ!" అంటాడు.

ఆవిడ మాతే ఆకు టీ కాచి, సొరబుర్రలో పోసి గొట్టం వేసి ఇస్తుంది. మా కొండల్లో మాతే తాగని కొంప లేదు, కాదనను. కానీ ఒకే బుర్ర, ఒకే గొట్టం! ఆవిడ పీల్చాక ఈయన, ఈయన పీల్చాక ఆవిడ. నాకు కడుపు మండిపోతోంది, మీ దగ్గర దాపరికమెందుకు? వెంటనే తగిన చర్య తీసుకోండి.

ఇట్లు,
ఉమ్ నాయెఫ్

తా.క.: గొట్టాన్ని ప్రతిసారీ నిమ్మతొక్కతో తుడుస్తారట, కాబట్టి తప్పు లేదట. ఆ నిమ్మకాయలు మా పెరటి చెట్టువే.

-

బేరూట్, మే 1996

గౌరవనీయులైన ఉమ్ నాయెఫ్ గారికి,

మీ ఉత్తరం చదివి మా విభాగమంతా ఉబ్బితబ్బిబ్బయింది. ఐన్ జర్దాలో సిగ్నల్ దొరకదని మా ఇంజినీర్లు ఏనాడో చేతులెత్తేశారు. వాళ్లకి చేతకానిది మీరు ఇంట్లో కూర్చుని కనిపెట్టారు. నుహాద్ గారి డాబాని మా మ్యాపులోకి ఎక్కించాం. మీరు కోరిన తగిన చర్య కింద అక్కడికి కుర్చీలు, ఒక పెద్ద గొడుగు, "ఇచ్చట సిగ్నల్ దొరుకును" అనే బోర్డు పంపుతున్నాం.

తమ సేవలో,
ఇల్యాస్ సబ్బాగ్, గ్రామీణ విభాగం

తా.క.: బోర్డు అడుగున "ఉమ్ నాయెఫ్ గారి సౌజన్యంతో" అని రాయించాం.

-

ఐన్ జర్దా, జూన్ 1996

ఇల్యాస్ సబ్బాగ్ గారికి, ఉమ్ నాయెఫ్ పళ్లు కొరుక్కుంటూ రాసేది.

నేనడిగిందేమిటి, మీరు చేసిందేమిటి? ఇప్పుడు నా పేరు దాని గుమ్మం మీద వేలాడుతోంది. కనిపించిన ప్రతివాళ్లూ "ఎంత మంచి మనసమ్మా నీది!" అంటున్నారు. పక్క ఊళ్ల మగాళ్లందరూ అక్కడే. ఫోన్ లేనివాళ్లు కూడా వస్తున్నారు, సిగ్నల్ ఎలా ఉంటుందో చూడ్డానికట. మా ఆయన మొదటి కుర్చీలో ఇంటి యజమానిలా కూర్చుని వచ్చినవాళ్లకి మర్యాదలు చేస్తున్నాడు. మా ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్లయినా అందించని మనిషి!

నాకు ఒక్కటే కావాలి, మా ఆయన సాయంత్రాలు మా ఇంట్లో ఉండాలి. కాబట్టి కొత్త టవర్ తెచ్చి నా డాబా మీద పెట్టండి. అద్దె అక్కర్లేదు. సిగ్నల్ నా కొంపలో ఉంటే ఆయనా నా కొంపలోనే ఉంటాడు.

ఇట్లు,
ఉమ్ నాయెఫ్

తా.క.: ఆ గొడుగు మాత్రం తీయించండి. ఎండకి ఆవిడ రంగు తగ్గుతుందని నాకో ఆశ ఉండేది.

-

బేరూట్, జూలై 1996

ఉమ్ నాయెఫ్ గారికి,

ఊరి బాగు కోసం సొంత డాబాని ఇస్తానన్న మీ ఉదారబుద్ధికి మా డైరెక్టరు గారు చలించిపోయారు. టవర్ మంజూరైంది. మీరు డాబా మీద ఆరబెట్టిన పెరుగు, గోధుమల కిష్క్ పిండి తీసేస్తే పని మొదలుపెడతాం.

తమ సేవలో,
ఇల్యాస్ సబ్బాగ్

తా.క.: కొలతలకు వచ్చిన మా ఇంజినీరు బోర్డు మీద మీ పేరు చూసి, అదే మీ ఇల్లనుకుని నుహాద్ గారింట్లో పొద్దుపోయేదాకా ఉండిపోయి, మర్నాడు మీ డాబా కొలిచాడు. మాతే చాలా బాగుందట, మీకు కృతజ్ఞతలు చెప్పమన్నాడు.

-

ఐన్ జర్దా, అక్టోబరు 1996

ఇల్యాస్ గారికి, ఉమ్ నాయెఫ్ ఏడుపు దిగమింగుకుని రాసేది.

టవర్ లేచింది. మొదటిరోజు నుహాద్ కిటికీ ముందు పని లేకపోయినా రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. సాయంత్రం ఈయన ఇంట్లోనే కూర్చుని ఫోన్ తీశాడు. "అలో... అలో..." పడగ్గదిలో అలో, వంటింట్లో అలో, బీరువా ఎక్కి అలో. చుక్క సిగ్నల్ లేదు! ఊళ్లో అందరికీ ఉంది, మేకల కొట్టంలో కూడా ఉంది, నాకు తప్ప.

"అయితే బజారులో నిలబడి మాట్లాడుకో" అన్నాను. "అక్కడంతా గోల" అని మళ్లీ నుహాద్ ఇంటికే పోయాడు. ఇదివరకు డాబా మీద, నలుగురి కళ్లెదుట కూర్చునేవాడు. ఇప్పుడు సిగ్నల్ గదిలోకే వస్తోంది కదా, లోపల, సోఫాలో! ఇది మీకు న్యాయమేనా?

ఇట్లు,
ఉమ్ నాయెఫ్

తా.క.: టవర్ మీద ఎర్రదీపం పెట్టినందుకు సంతోషం. ఈయన అత్తరు పూసుకోవడం ఇప్పుడు ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.

-

బేరూట్, అక్టోబరు 1996

ఉమ్ నాయెఫ్ గారికి,

మన్నించాలి. టవర్ సిగ్నల్‌ని దూరానికి విసురుతుంది, తన కాళ్ల దగ్గర పడనివ్వదు. మీ ఇల్లు సరిగ్గా దాని కాళ్ల దగ్గరుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం మా తప్పే. పరిహారంగా మీకో ఫోన్ ఉచితంగా పంపుతున్నాం. అది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి మీ ఇంటికి దగ్గర్లో అన్నిటికంటే అనువైన చోటు... చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

తమ సేవలో,
ఇల్యాస్ సబ్బాగ్

తా.క.: మా నంబరు అందులో ఎక్కించాం. ఇకమీదట మమ్మల్ని తిట్టడానికి తపాలా బిళ్ల దండగ చేసుకోనక్కర్లేదు.

-

ఐన్ జర్దా, డిసెంబరు 1996

అయ్యా ఇల్యాస్ గారూ, నేను అబూ నాయెఫ్‌ని. మీరు నా కాపురంలో నిప్పులు పోశారు.

మీ ఫోన్ రాగానే మా ఆవిడ "ఇవాళ దాని సంగతి తేల్చేస్తా" అని కొంగు బిగించి నుహాద్ ఇంటికి పోయింది. ఎవరి బుర్ర పగులుతుందోనని వీధిలోనే నిలబడ్డాను. కాసేపు కేకలు, ఆ తరవాత మాతే పీల్చిన చప్పుడు, ఆ తరవాత నవ్వులు! అప్పట్నుంచి రోజూ ఇదే. సాయంత్రమైతే నా అత్తరే పూసుకుని వెళ్తోంది. "ఎవరితో మాట్లాడతావే?" అంటే "సిగ్నల్ చూస్తున్నా" అంటుంది.

నిన్న నేనూ వెళ్లాను. ఒకే బుర్ర, ఒకే గొట్టం, వాళ్లిద్దరి మధ్యే తిరుగుతోంది. చెయ్యి చాపాను. నుహాద్ చూసీ చూడనట్టు ఊరుకుంది. మా ఆవిడ మాత్రం "పొయ్యి మీద పప్పుంది, వేడి చేసుకుని తిను" అంది.

ఇప్పుడు టవర్ కింద ఒంటరిగా కూర్చున్నాను. సిగ్నల్ రాదు కానీ అక్కడి నవ్వులు మాత్రం బాగా వినిపిస్తాయి. మా ఆవిడ నవ్వడం మరిచిపోయిందనుకున్నాను. మరిచిపోలేదు, నా దగ్గర మానేసింది, అంతే. నాకు కుళ్లుగా ఉందండీ. నుహాద్ మీద.

దయచేసి మా ఇంట్లోకి సిగ్నల్ వచ్చే ఉపాయం చూడండి.

ఇట్లు,
అబూ నాయెఫ్

తా.క.: ఈ ఉత్తరం పోస్టు చేయడానికి పోతూ మా ఆవిడకి ఫోన్ చేశాను. "నేనే, ఇంటికి రావే" అన్నాను. "ఏమీ వినపడట్లేదు, సిగ్నల్ ఉన్న చోటికి పో" అని పెట్టేసింది. నేను నుహాద్ కిటికీ కిందే నిలబడి ఉన్నాను.