పుట్టగొడుగుల సాక్ష్యం

నవంబరు 11

చెల్లెలు రెబెక్కమ్మకు అన్న లాజరస్ దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. అక్షరాలు నీ కూతురు ఏంజెలిన్‌వి, మాటలు నీవి. కడుపులో కేన్సరని, నెల్లూరు ఆసుపత్రిలో ఇంక నెలో నెలన్నరో అన్నారని రాయించావు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఏడవలేదు. నాకు ఏడుపు రాదని నీకు తెలుసు. ఏంజెలిన్ రెండుసార్లు ఫోను చేసింది, ఎత్తలేదు. ఫోనులో నా నోరు నా మాట వినదు. రాసేటప్పుడైతే ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోవాలి, ఆలోగా కోపం కాస్త తగ్గుతుంది. బైబిలు చదవడానికి ముప్పై రెండో ఏట నేర్చుకున్న రాత ఇది. తప్పులుంటే సర్దుకో.

నువ్వు అడిగింది ఒక్కటే. పోయాక నిన్ను మన ఊరి సమాధుల తోటలో అమ్మ పక్కన పెట్టాలి. పాస్టరు తిమోతి గారిని అడిగించావట. "ఆమెను ప్రభువు బల్లలో నుంచి తీసేసి నలభై ఏళ్ళయింది. పేరు కొట్టేసిన వాళ్ళకు తోటలో చోటు లేదు. ఫిర్యాదు చేసిన అన్నే సంఘం ముందు వెనక్కి తీసుకోవాల" అన్నాడట. అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆ బల్ల ముందు నిలబడి, నేను చూసింది అబద్ధమని నా నోటితో చెప్పాలి.

చెప్పను.

ఎనభై నాలుగు తుఫాను సంగతి నీకు గుర్తు చేయాలా? గోడ కూలి అమ్మ పోయింది. అమ్మను పూడ్చిన మూడో రోజు ఇంట్లో గింజ లేదు. గొడ్ల చావడి వెనక పెంటదిబ్బ మీద మొలిచిన పుట్టగొడుగులు నువ్వు కోసుకొచ్చి, ఉప్పు కారం వేసి కూర వండావు. నేను రెండు పళ్ళేలు తిన్నాను, నువ్వు చట్టి గీరుకుని తిన్నావు. తిని సరుగుడు తోట అవతల ఇసుకలో కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. చెట్లు ఊపిరి పీలుస్తున్నాయి. ఇసుక రేణువులన్నీ ఎవరో ముట్టించినట్టు వెలిగాయి. నాకూ సముద్రానికీ మధ్య హద్దు పోయింది. అంతకంటే చెప్పడానికి నాకు మాటలు లేవు. ఆ రోజు నుంచి సారాయి ముట్టలేదు.

ఆదివారం గుడిలో నిలబడి ప్రభువు నాకు కనిపించాడని సాక్ష్యం చెప్పాను. అందరూ ఏడ్చారు. ఆడవాళ్ళ వైపు నుంచి నువ్వు లేచావు. "దేవుడు గాదన్నా. పెంటదిబ్బ కాడి పుట్టగొడుగులు. వండింది నేనే గదా. నాకూ తల తిరిగింది, పళ్ళెం అంచు మెరిసింది" అన్నావు. నేను దిగివచ్చి నీ చెంప మీద కొట్టాను. దీని నోట సాతాను మాట్లాడుతున్నాడు, బల్లలో నుంచి తీసేయండి అని అప్పటి పాస్టరుకు చెప్పాను. నువ్వు గూడూరు పోయి నిమ్మకాయల మండీలో కాయలు ఏరుకుంటూ బతికావు.

ఏటా నవంబరులో ఆ సాక్ష్యం చెబుతున్నాను. అది విని పదకొండు మంది సారాయి మానుకున్నారు. పుట్టగొడుగు పదకొండు మంది చేత మాన్పిస్తుందా? నువ్వే చెప్పు.

మందులు వేళకు వేసుకో.

సంఘ పెద్ద
లాజరస్


నవంబరు 20

రెబెక్కమ్మకు,

నీ కూతురు స్కూటరేసుకుని వచ్చింది. నీ ముక్కు, నీ పొగరు. రమ్మనకుండానే అరుగు మీద కూర్చుని, ఫోనులో ఒక బొమ్మ చూపించింది. బెల్లం రంగు గొడుగు. కాడ నలిగిన చోట నీలం.

"ఆ రోజు మీరు తిన్నది ఇదేనా మామా?"

"తెలీదు" అన్నాను. అబద్ధం. ఆ రోజు కూర తరిగిన నీ వేళ్ళు సిరా పూసినట్టు నీలంగా ఉండటం నేను చూశాను.

తను కాలేజీలో మందుల పాఠాలు చెబుతుందట కదా, నాకూ చెప్పింది. అందులో ఉండే మందును ఇప్పుడు విదేశాల్లో డాక్టర్లు పరీక్షిస్తున్నారట. చావు భయం పట్టుకున్న రోగులకు, తాగుడు మానలేని వాళ్ళకు, పక్కన మనిషిని కూర్చోబెట్టి ఇస్తారట. కొందరికి భయం పోతుందట, కొందరికి తాగుడు తగ్గుతుందట. కొందరికి ఏమీ కాదు, కొందరికి మతి చెడుతుంది.

"అయితే నా దేవుడు గోలీలో ఉండాడంటావు."

"నేనట్టా అన్లేదు మామా. ఆ మందు మెదడులో యాడ పనిచేస్తాదో మేం చూపించగలం. మీకు కనపడింది నిజమా కాదా అనేది మా దగ్గరుండే ఏ మిషనూ చెప్పలేదు."

"చెప్పలేనప్పుడు ఎందుకొచ్చినావు?"

"మా అమ్మ కోసం వచ్చినా. మీ దేవుడితో నాకు పేచీ లేదు."

తను పోయాక పాస్టరు దగ్గరికి నడిచాను. కుర్రవాడు, ఊరికి వచ్చి మూడేళ్ళు. "రెండూ కుదరవు పెద్దయ్యా. దేవుడైనా కావాల, మత్తైనా కావాల. మత్తయితే ఆ సాక్ష్యం ఇంక మీరు చెప్పగూడదు" అన్నాడు. మందులు చదివిన పిల్ల తెలియదంటుంది, బైబిలు చదివిన పిల్లవాడు తెలుసంటాడు. ఎవరి చదువు గొప్పదో నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను.

రెబెక్కమ్మా, ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. ఏంజెలినే చదివి వినిపిస్తుందని తెలుసు. చదవనీ.

ఆ రోజు ఇసుకలో నాకు కనిపించింది ప్రభువు కాదు. అమ్మ. తుఫాను నాడు నేను సారాయి అంగడి అరుగు మీద పడి ఉంటే, నువ్వు వానలో పరిగెత్తుకొచ్చి, గోడ కింద అమ్మ ఉందన్నా, లే అన్నా అని నన్ను లాగావు. నేను నిన్ను కాలితో తన్ని అటు తిరిగి పడుకున్నాను. నీ ఒక్కదాని చేతులతో ఎన్ని ఇటుకలు తీయగలవు? ఈ సంగతి నువ్వు ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ వెలుగులో అమ్మ వచ్చి, "నీ తప్పేం ల్యాదు నాయనా" అంది. గుడిలో ఆ మాట చెబితే, నువ్వు చేసిన తప్పేంటి అని అడుగుతారు. అందుకే అమ్మను తీసేసి ప్రభువును పెట్టాను.

నువ్వు లేచి పుట్టగొడుగులు అన్నావు. నాకు వినపడింది వేరు. అమ్మ నిన్ను క్షమించలేదన్నా అని నువ్వు అన్నట్టు వినపడింది. అందుకే చెయ్యి లేచింది.

ఇంకా ఉంది. మరుసటి ఏడు వానలకు అదే పెంటదిబ్బ మీద అవే కోసుకుని ఒంటరిగా తిన్నాను. అమ్మ ఇంకోసారి చెబుతుందేమోనని ఆశ. అమ్మ వచ్చింది. నోటి నిండా మట్టి. నా వైపు చూసి, ఏమీ అనకుండా వీపు తిప్పుకుంది. పొద్దుగూకే దాకా వాంతులు చేసుకుంటూ ఆ వీపే చూశాను. మూడో ఏడు కూడా తిన్నాను. మళ్ళీ వీపే. తర్వాత మానేశాను.

మొదటిసారి వచ్చింది అమ్మయితే ఆ తర్వాత వచ్చింది కూడా అమ్మే. తర్వాతది పుట్టగొడుగు పని అయితే మొదటిదీ అంతే. ఈ మాత్రం లెక్క చదువు రానివాడికి కూడా తెలుస్తుంది. తెలిసీ, మంచిది దేవుడిదని, చెడ్డది పెంటదిబ్బదని పంచుకుని నలభై ఏళ్ళు పెద్దమనిషిగా తిరిగాను.

ఇది రాశానని ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు కాదు. నీకు చెప్పడం వేరు, వాళ్ళ ముందు నిలబడటం వేరు. నా వల్ల అవుతుందో లేదో చూడాలి.

లాజరస్


డిసెంబరు 1, ఆదివారం సాయంత్రం

అమ్మా రెబెక్కా,

ఈ రోజు నిలబడ్డాను.

సారాయి అంగడి సంగతి చెప్పాను, తన్నిన సంగతి చెప్పాను. అమ్మ పేరు చెప్పాను. కూర వండింది నా చెల్లెలు, తను చెప్పింది నిజం, ఆ మాటకే కొట్టాను అన్నాను. నేను చూసింది ఏమిటో నాకు తెలియదు, తెలుసని ఇన్నాళ్ళూ మీకు చెప్పాను, అది వెనక్కి తీసుకుంటున్నాను అన్నాను. ఎవరూ ఏడవలేదు. నా సాక్ష్యం విని సారాయి మానుకున్నవాళ్ళలో మొదటివాడు జయరామయ్య లేచాడు.

"అట్టయితే నేను దేన్ని చూసి మానుకున్నట్టు పెద్దయ్యా?"

"నువ్వే మానుకున్నావురా. ఇప్పుడు మళ్ళీ తాగి నా మీద పెట్టబాక."

వెనక ఇద్దరు నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు. నా ముఖం చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఆరాధన అయ్యాక పాస్టరు, కొట్టేసిన నీ పేరు మళ్ళీ ఎక్కించడానికి బీరువాలో నుంచి పాత సంఘ పుస్తకం తీశాడు. ఎనభై నాలుగు చూశాడు. ఎనభై ఐదు, ఎనభై ఆరు చూశాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"పెద్దయ్యా, కొట్టివేత యాడా ల్యాదే."

ఆయనకు సరిగా కనపడలేదేమోనని పుస్తకం లాక్కున్నాను. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాను. రెబెక్కమ్మ. దాని మీద గీత లేదు. ఫిర్యాదు లేదు, తీర్మానం లేదు. తర్వాతి పుస్తకాల్లో కూడా నీ పేరు ఎత్తి రాశారు, పక్కన "ఊరిలో లేరు" అని మాత్రం ఉంది. అప్పటి పాస్టరు నా మాట రాయనేలేదు. నా కోపం చల్లారుతుందని చూశాడేమో. ఆయన పోయాడు, అడగడానికి లేదు.

"మరి తీసేసినారని నువ్వెట్టా చెప్పినావయ్యా?" అని తిమోతి గారిని అడిగాను.

"అందరూ అన్నారు, నేనూ అన్నా" అన్నాడు. ముఖం మాడిపోయింది. అందరికీ ఎవరు చెప్పారని అడగబోయి ఊరుకున్నాను. చెప్పింది నేనే.

నిన్ను సంఘం తీయలేదు రెబెక్కా. నలభై ఏళ్ళు ఆ బల్లకూ నీకూ మధ్య నిలబడింది నేనొక్కణ్ణే. ఏంజెలిన్ బాప్తిస్మం ఇక్కడే ఇప్పించాలని నువ్వు గుడి గేటు దాకా వచ్చావు. గేటు దగ్గర నన్ను చూసి, పిల్ల చెయ్యి పట్టుకుని గూడూరు బస్సెక్కావు. ఆ రోజు నేను నిన్ను ఒక్క మాట కూడా అనలేదని ఇన్నాళ్ళూ గొప్పగా అనుకున్నాను. అనాల్సిన పనేముంది, నా ముఖం చాలింది.

తోటలో అమ్మ పక్కన చోటు నీదే. దానికి నా మాట అక్కరలేదు. ఏనాడూ అక్కరలేదు.

ఈ ఉత్తరం పోస్టులో వేయను, నేనే తెస్తాను. రేపు పొద్దున బస్సుకు పాస్టరు గారు కూడా నీ కోసం రొట్టె, ద్రాక్షరసం తీసుకుని నాతో వస్తున్నారు. ఆయన్నీ ఈ కాగితాన్నీ లోపలికి పంపి నేను వరండాలో కూర్చుంటాను. పిలిస్తే వస్తాను. పిలవకపోతే సాయంత్రం బస్సుకు తిరిగిపోయి, ఎల్లుండి మళ్ళీ వస్తాను.

క్షమించమని అడగడం లేదు. ఆ రోజు ఇసుకలో అడగకుండా దొరికిన క్షమాపణ ఒకటి నా దగ్గర ఉంది, అది నిజమో కాదో ఈనాటికీ తేలలేదు. అలాంటిది ఇంకొకటి నేను మోయలేను. నొప్పికి నీకు సూది వేస్తున్నారని, ఆ మత్తులో ఎవరెవరినో పలకరిస్తున్నావని ఏంజెలిన్ చెప్పింది. ఆ వేళ నన్ను పిలవొద్దు. మత్తు దిగి, ఎదురుగా ఉన్నది ఎవరో నీకు బాగా తెలిసినప్పుడు పిలిచి, నోటికొచ్చినట్టు తిట్టు.

నీ అన్న
లాజరస్