క్లాంప్ లేని బోర్డు

ప్రియమైన పిచ్చుకా,

ఒళ్లు పులిసిపోయి రాస్తున్నాను. మా వార్డులో పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు మళ్లీ మొరాయించాయి. కరెంటు పోయి జనరేటరు అందుకున్నప్పుడల్లా ఏదో ఒకటి టప్‌మంటుంది. నెలలు నిండని పిల్లను గుండెకు ఆనించుకుని డ్యూటీ అంతా కూర్చున్నాను. "సిస్టర్, చల్లబడుతోందా?" అని తల్లి అడుగుతూనే ఉంది. కాలిపోయిన పవర్ సప్లై ఒకటి పంపుతున్నాను. దానిమీద మీ ఫ్యాక్టరీ ముద్రే ఉంది, చూసి చెప్పు.

నడుం నొప్పితో,
అక్క

ప్రియమైన అక్కా,

విప్పి చూశాను. లోపలి బోర్డు మీద ట్రాన్సిస్టర్ పగిలింది. అది సెకనుకు వేలసార్లు కరెంటును వదులుతూ, ఆపుతూ ఉంటుంది. ఆపిన ప్రతిసారీ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో మిగిలిన కాస్త శక్తి దారి దొరక్క వోల్టేజీని ఒక్కసారిగా ఎగదోస్తుంది. ఆ పోటును హద్దు దాటనీయకుండా పట్టి, వేడిగా ఖర్చు చేసేయడానికి పక్కనే క్లాంప్ ఉండాలి. డయోడు, కెపాసిటరు, రెసిస్టరు, అంతే. మీ బోర్డులో ఆ చోట ఉత్త కన్నాలున్నాయి.

మేనేజరును అడిగాను. "టెస్టులో పాసవుతోందిగా! నీకెందుకమ్మా లేనిపోని తలనొప్పి?" అన్నాడు. టెస్టు బల్లమీద కరెంటు బుద్ధిగానే ఉంటుంది. మీ జనరేటరుకు ఆ బుద్ధి ఎక్కడిది? కొత్త సరుకు లారీకి సిద్ధంగా ఉంది. సరుకు బాగుందని పెట్టాల్సిన సంతకం నాది. నన్నింకా పర్మినెంటు చేయలేదు.

ఏమీ తోచని
పిచ్చుక

బంగారూ,

నువ్వు నోరెత్తకు. నాన్న మందులూ ఇంటి అద్దే నీ జీతం మీదే నడుస్తున్నాయి. పెట్టెలు ఆగితే పిల్లల్ని మేం ఎత్తుకుంటాం, అలవాటైపోయింది. ఇలా రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నాను, సంతకం పెట్టేయ్.

నీ మీద బెంగతో,
అక్క

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చేరేసరికి అంతా అయిపోయింది. సంతకం పెట్టనన్నాను. మేనేజరు ఇంతెత్తున లేచాడు. గొడవ విని ఓనరు కిందికి దిగి, "ఏదీ, చూపించు" అన్నాడు. కొత్త సరుకులోంచి ఒక బోర్డును మా జనరేటరుకు తగిలించాను. రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి ఆయన కళ్లముందే పగిలింది.

లారీ ఆగింది. నా పర్మినెంటూ ఆగింది. మేనేజరు నన్ను వాపసు సరుకు గదిలో పడేశాడు. వెనక్కి వచ్చిన ప్రతి బోర్డుకూ క్లాంప్ అతుకుతున్నాను. టంకం పొగకు కళ్లు మండుతున్నాయి, మెడ పట్టేసింది. మీ వార్డుకు కావలసినవి అన్నింటికంటే ముందు చేసి, ఈ పొద్దున బస్సులో వేశాను.

నీ మీద కోపం లేదు. ఉత్తరం దారిలో ఆలస్యమవడమే మంచిదైంది. ముందే అంది ఉంటే, అక్కా, నీ మాట వినేదాన్నే.

అలసిపోయిన
నీ పిచ్చుక