టీవీలో నీ చెప్పులు

నాన్నా,

నువ్వు పోయి ఏడాదైందని శుక్రవారం మనింట్లో ప్రార్థన కూడిక పెట్టాను. కాడుగోడి చర్చి సంఘమంతా వచ్చింది. చెప్పులన్నీ వరండాలో వదిలి, రైలు మోత వినపడకుండా తలుపు మూసుకున్నాం. గడప పక్కన నీ తోలు చెప్పులు నేనింకా తీయలేదు.

వరండా మనకూ పక్కింటి షబ్బీర్ మామకూ ఒకటే కదా. అంతకు ముందురోజు పోలీసులు ఎవరి గురించో అడగడానికి మామను పిలిపించి, పూటలోనే పంపేశారు. శనివారం టీవీలో, మామ ఇల్లంటూ మన తలుపునే చూపించారు. లోపల రహస్య సమావేశమట. ముందున్న చెప్పుల కుప్పలో, నువ్వు ఎర్రదారంతో కుట్టుకున్న పట్టీ కూడా కనిపించింది.

ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పేవాళ్లను పిలిస్తే నేను లేచాను. ఆ చెప్పులు మనవేనని చెప్పాను. సాక్ష్యం ముగిస్తే అందరూ అనే స్తోత్రం ఎవరూ అనలేదు. బయటికొచ్చాక ఎలీశమ్మత్త నా చెయ్యి పట్టుకుంది.

"నా చెప్పులు నేనూ చూస్తిని లేమ్మా. అయినా ఆ సాయిబులను నమ్మేకి కాదు."

కెమెరాను సరిగ్గా ఆ వేళకు రమ్మన్నదెవరు? లోపల ప్రార్థనలో నాతో కళ్లు మూసుకున్నవాళ్లలో ఒకరేనేమో. అప్పటినుంచి ఎవరు వందనాలు చెప్పినా మొహంలోకి చూస్తున్నాను.

ఆరోజు సాయంత్రం షబ్బీర్ మామ తన తలుపు ఓరగా తీసి, వీధి వైపు చూసి, మెల్లగా అన్నాడు.

"మీ నాయన చెప్పులు లోపల పెట్టమ్మా. ఆ టీవీవాళ్లు మళ్లా వస్తారేమో."

"ఉండనీ మామా. ఎవరివని అడిగితే చెప్పేకి నేనుండాను."